బట్ట వాలు

మూడు లాంతర్ల దగ్గర చెప్పుల కొట్టు మీద మేడ.
రెండు బల్లలు.
కిటికీ పక్కది నాది కాదు, అయినా నాదే అంటారు.
పొద్దున్నే షట్టరెత్తి ముందు బ్రష్షు,
తర్వాత ఇస్త్రీపెట్టె:
పసుపు బంతి చివర నుంచి నల్లబంతి చివరకి,
ఎప్పుడూ ఆ దిక్కే.
ఈ ఆకుపచ్చ బట్టకో వాలుంటుంది.
ఎదురు తోస్తే రేగుతుంది, పిల్లి వీపులా.

మా నాన్న జూటుమిల్లులో నార వేళ్ల మధ్య నలిపి
ఏ లారీలో వచ్చిందో చెప్పేవాడు.
మిల్లు మూసేశాక కూడా
అన్నం తింటూ వేళ్లు అలాగే నలిపేవాడు.
నేను బట్టమీద అరచెయ్యి పెట్టి చెబుతాను,
ఇవాళ బంతి ఎంత బద్ధకిస్తుందో.

పెద్ద ఊళ్లలో బల్ల కింద హీటరుంటుందట. ఉంటుంది, చూశాను.
మాకు పైన మూడు బల్బులు, అవీ కరెంటాఫీసు దయ.
ఓసారి నలభై ఏడు కొట్టి పింకు మీదకి వంగానా,
పోయింది.
చీకట్లో అలాగే ఉండిపోయాను, గడ్డం కర్రకి ఆనించి.
"నడుం పట్టీసిందేటి గురూ?" అన్నాడు అసిరి.
లేస్తే ఆ కోణం మళ్లీ దొరకదని
వాడికెలా చెప్పను?

ర్యాంకుల జాబితాలో నాది రెండో పేజీ.
మొదటి పేజీకే అందరూ ఫోటో తీసుకుంటారు.

నర్సింగ్ హోములో బిల్లులు రాసే కుసుమ
ఒక్కటే అడుగుతుంది టిక్కెట్టు తీసే ముందు:
గెలిస్తే ఎంత?
ఓడితే ఎంతో అడగదు. అది తనకి తెలుసు,
పోస్టాఫీసు పుస్తకంలో తనే రాస్తుంది.

రైల్లో నా పొడుగాటి పెట్టె చూసి
ఎదురు బెర్తు పెద్దాయన, "సన్నాయా బాబూ?
పెళ్లెక్కడ?"
"ఇండోర్లో," అన్నాను.
రాయపూర్ దాకా మర్యాదగా చూసుకున్నాడు,
పులిహోర పెట్టాడు.

మొదటి రౌండులో నాకు పడ్డవాడు బరంపురం కుర్రాడు, బిక్రమ్.
టైమయింది. వాడు రాలేదు.
ఎక్కడో గూడ్సుబండి పట్టాలు తప్పిందట.
పదిహేను నిమిషాలకి ఒక ఫ్రేము నాదన్నారు,
అరగంటకి మొత్తం నాదన్నారు.
ఎర్రబంతులు పదిహేనూ కదలకుండా ఉన్నాయి.
చెయ్యి కలపడానికి అవతల మనిషి లేడు,
రిఫరీయే తెల్ల తొడుగు తీసి కలిపాడు.
చెయ్యి చల్లగా ఉంది.

ఈ ఏడాది నేను గెలిచిన ఆట అదొక్కటే.

రాత్రి బిక్రమ్ ఫోను. నా నంబరు ఎవరిచ్చారో.
స్టేషను గోల వెనకాల. తిడతాడేమో అనుకున్నాను.
"దాదా, బల్ల ఎలా ఉంది?"
ముట్టుకోలేదురా, అని చెప్పలేక
"ఫాస్టుగా ఉంది," అన్నాను.
"వాలు?"
"బాగుంది."
"అయ్యో," అన్నాడు, ఏదో మంచి భోజనం తప్పిపోయినట్టు.

మర్నాడు పదిహేడేళ్ల పిల్లాడు
నాలుగు ఫ్రేములు, ఏభై రెండు నిమిషాలు.
చాలాసేపు కుర్చీలోనే ఉన్నాను,
గ్లాసులో నీళ్లు తాగుతూ. తాగడం నాకు బాగా వచ్చు.
అయిపోయాక వాడు నా కాళ్లకి వంగబోయాడు.
ఓటమికన్నా అదే తగిలింది.

తిరిగొచ్చాను. అసిరి మెట్ల మీదే:
"ఏటైనాది?"
"ఒకటి గెలిసినాను."
మెట్లు దిగి టీ తేవడానికి పోయినవాడు
చెప్పుల కొట్టుకి, పాన్‌షాపుకి, ఆటోస్టాండుకి
చెప్పుకుంటూ పోయాడు.
చల్లారిన టీ వచ్చేసరికి
వీధంతా గెలిచి కూర్చుంది.
ఎలా గెలిచానో ఎవరూ అడగలేదు.

ఇవాళ సముద్రం వైపు గాలి. బట్ట తేమగా ఉంది.
వచ్చే నెల రాయపూర్‌లో మళ్లీ పోటీలు,
నా పేరు కింద రెండు గీతల తర్వాత వాడి పేరు.
ఫోను తీసి రాశాను:
*ఈసారి ఒక రోజు ముందే బయల్దేరు తమ్ముడూ.*
రాసి, కాసేపు పంపలేదు.
పాయింట్లు అక్కరలేనివాడినా నేను?
ఇస్త్రీపెట్టె ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది,
వాసన వచ్చింది.
బట్ట మాడుతుందని కంగారుపడి
పంపేసి,
పసుపు బంతి చివర నుంచి
మళ్లీ మొదలెట్టాను.